బేస్ వాయిస్తూ పాడటం

ప్రశ్న: రాక్ బృందాల్లో మంద్రస్వరాలు పలికించే బేస్ గిటారు వాయించేవారే ప్రధాన గాయకులుగా ఉన్న సందర్భాలు ఉన్నాయా? అది అంత కష్టమైన పనా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఉన్నాయి. 1966లో లండన్‌లో ఏర్పడిన క్రీమ్ బృందంలో జాక్ బ్రూస్, 1977లో అక్కడే మొదలైన పోలీస్ బృందంలో స్టింగ్ ఆ కోవకు చెందినవారు. ఇవి రెండూ ముగ్గురు సభ్యుల బృందాలే కనుక ఒకరు రెండు పనులు చేయక తప్పలేదు.

ఇక కష్టం మాటకొస్తే, గిటారుపై కార్డులు (కొన్ని స్వరాలను ఒకేసారి మోగించడం) వాయించేవారి చేయి చాలావరకు పాట నడకనే అనుసరిస్తుంది. బేస్ మాత్రం డ్రమ్స్‌తో జతకట్టి, గొంతు ఆగిన చోట కదులుతూ, తనదైన మరో వరసను నడిపిస్తుంది. చేత్తో తాళం వేస్తూ పాడే మన గాయకులకు ఇది కొంత తెలిసిన విద్యే అయినా, ఇక్కడ చేతికి అప్పగించేది తాళం కాదు, రెండో బాణీ.

ఈ విషయంలో మా ఓటు కెనడాకు చెందిన రష్ బృందంలోని గెడీ లీకే. ఆయన అతి తారస్థాయిలో పాడుతూ, చిక్కటి బేస్ వరసలు వాయిస్తూ, చేతులు కీబోర్డు మీదికి వెళ్లినప్పుడు మంద్రస్వరాలను కాలి పెడళ్లతో పలికించేవారు. మోటర్‌హెడ్ బృందాన్ని 1975లో స్థాపించిన లెమ్మీది వేరే దారి: అంతకుముందు గిటారిస్టు కావడంతో, ఆయన బేస్ మీద కూడా కార్డులే మోగించి, ఎత్తుగా అమర్చిన మైకులోకి తలెత్తి పాడేవారు.