ఉపవాసంతో మెదడులో చెత్త పోతుందా?

ప్రశ్న: మా అమ్మకు 71 ఏళ్లు, అల్జీమర్స్. ఉపవాసం చేయిస్తే ఆటోఫేజీ పెరిగి మెదడు శుభ్రపడుతుందని వాట్సాప్‌లో చూశాను. చేయించమంటారా?

జవాబు: వద్దండీ. ఆటోఫేజీ అంటే కణం తనలో పాడైన ప్రొటీన్లను సంచుల్లో కట్టి లైసోజోమ్‌కు (కణంలో చెత్తను అరిగించే భాగం) చేర్చి అరిగించుకోవడం. దీని గుట్టు విప్పినందుకే జపాన్ శాస్త్రవేత్త ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. న్యూరాన్ (మెదడులోని నరాల కణం) విభజన చెందదు, కాబట్టి చెత్తను పిల్లకణాలకు పంచుకునే వీలు కూడా లేదు. అల్జీమర్స్ వచ్చిన మెదడును మైక్రోస్కోపు కింద చూస్తే, నరాల పోగులు అక్కడక్కడా ఉబ్బి, అరగని సంచులతో కిక్కిరిసి ఉంటాయి. అంటే మూటలు కట్టడం కాదు, అరగడం ఆగింది. డంపింగ్ యార్డే మూతపడితే ఉపవాసంతో ఇంకొన్ని మూటలు కట్టి ఏం లాభం? పైగా ఈ జబ్బులో బరువు తగ్గిపోవడమే పెద్ద టెన్షన్. అమ్మకు వేళకు పెరుగన్నం పెట్టండి, పక్కన కూర్చుని తినిపించండి.