వత్తి తుపాకిలో తూటా ఉండదు

సందేహం: మా ఫిల్మ్ క్లబ్బు కోసం కురొసవ తీసిన ‘సెవెన్ సమురాయ్’కి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. దొంగల చేతిలోని ఆయుధాన్ని తుపాకి అంటే మరీ ఇప్పటి మాటలా ఉందని మిత్రులు అంటున్నారు. నాటు తుపాకి అనమని ఒకరు, శతఘ్ని అనమని ఇంకొకరు, రైఫిల్ చాలునని మరొకరు. ‘తూటా తగిలింది’ అనవచ్చా? తర్వాత ‘యోజింబో’ కూడా చేయాలి. అందులోది పిస్తోలా, రివాల్వరా?

సమాధానం: తుపాకి అనే రాయండి. అది ఇప్పటి మాట కాదు, ఆ ఆయుధం నాటి మాటే. టర్కీ భాషలోని ‘తుఫెక్’, మన తుపాకి, తమిళుల తుప్పాక్కి ఒకే కుదురువి. సినిమాలో కథాకాలం తెలియడానికి ఒక ఆనవాలుంది. సమురాయ్‌నని చెప్పుకునే కికుచియో చూపించే వంశపత్రంలో పుట్టిన ఏడు, జపాను శకం లెక్కలో, తెన్షో 2, అంటే 1574. అయితే నీకిప్పుడు పదమూడేళ్లన్నమాట అని సమురాయ్‌ల నాయకుడు కంబెయి నవ్వుతాడు. పుట్టిన ఏడాదిని కూడా ఒకటిగా లెక్కించే పాత పద్ధతిలో అది 1586 అవుతుంది. 1543లో పోర్చుగీసు వర్తకులు జపానులోని తనెగషిమ దీవిలో దిగినప్పుడు అక్కడి ప్రభువు వాళ్ల దగ్గర రెండు తుపాకులు కొన్నాడు. ఆ తర్వాత నలభై ఏళ్లకు అవి దొంగల చేతికి కూడా వచ్చాయన్నమాట. జపానువాళ్లు ఆ దీవి పేరునే తుపాకికి పెట్టి ‘తనెగషిమ’ అన్నారు. మనకూ ఇలాంటిదే జరిగింది. ఐరోపావాళ్లను పిలిచే ఫరంగీ అన్న మాటే ఇక్కడ ఫిరంగి అయింది.

జపానులో దీనికి ఇంకో రెండు పేర్లున్నాయి. ‘తెప్పో’ను అక్షరాలా విడదీస్తే ఇనుప ఫిరంగి అని వస్తుంది. దాన్ని చూసి శతఘ్ని వైపు వెళ్లకండి. తెలుగులో శతఘ్ని అంటే కోటగోడలు కూల్చే పెద్ద ఫిరంగే గుర్తొస్తుంది. రెండో పేరు ‘హినవజు’. హి అంటే నిప్పు, నవ అంటే తాడు, జు అంటే తుపాకి. దీనికి చక్కని తెలుగు ‘వత్తి తుపాకి’. మరాఠీలో ఈ వత్తిని జామగి అనేవారు కానీ నేటి ప్రేక్షకుడికి ఆ మాట తెలియదు. మొదటిసారి వచ్చినప్పుడు వత్తి తుపాకి అని రాసి, ఆపైన ఉత్త తుపాకి అంటే సరిపోతుంది.

రైఫిల్ మాత్రం పూర్తిగా తప్పు. గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్లుంటేనే రైఫిల్, వీటి గొట్టం లోపల నున్నగా ఉంటుంది. నాటు తుపాకి అంటే మన పత్రికల్లో అనుమతి లేకుండా దొంగచాటుగా చేసింది. జపానులోని సకాయి, కునితొమొ అనే ఊళ్ల కమ్మరులు చేసినవి రాజులు వరస కట్టి కొన్న సరుకు. ఆ మాట వాళ్ల పనితనాన్ని తక్కువ చేస్తుంది.

ఇక తూటా. మీ ప్రశ్నలో అసలు విషయం ఇదే. మందు, గుండు ఒకే పొట్లంగా గానీ గొట్టంగా గానీ కట్టి ఉంటే అది తూటా. వత్తి తుపాకిలో ఆ రెండూ వేరువేరుగా పడతాయి. ముందు గొట్టం మూతి నుంచి మందు పోస్తారు, తర్వాత సీసపు గుండు వేస్తారు, కడ్డీతో దట్టిస్తారు. పక్కనున్న చిన్న పళ్లెంలో మెత్తని మందు పోసి మూత వేస్తారు. రాజుకున్న వత్తిని కొక్కేనికి బిగిస్తారు. గురి పెట్టేముందు మూత తీస్తారు. మీట నొక్కితే కొక్కెం వాలి, వత్తి పళ్లెంలోని మందును అంటిస్తుంది, ఆ నిప్పు సన్నని రంధ్రంలోంచి లోపలి మందుకు పాకుతుంది. ‘మందుగుండు’ అన్న మన సమాసాన్ని చూడండి. మందు ముందు, గుండు వెనక. తుపాకి నింపే వరసే ఆ మాటలో నిలిచిపోయింది. జపానులో మందు పాళ్లు ముందే కొలిచి గుండుతో సహా చిన్న గొట్టాల్లో పెట్టుకునేవారు, వాటిని ‘హయగో’ అంటారు. అక్కడ కూడా గొట్టం విప్పి తుపాకిలోకి ఒంపాల్సిందే.

కాబట్టి ‘గుండు తగిలింది’ అనండి. బహువచనంలో ‘గుండ్లు’ రాయండి. ‘గుళ్లు’ అంటే దేవాలయాలని పొరబడతారు. జపానువాళ్లు తుపాకి పరిమాణాన్ని గుండు బరువుతో చెబుతారు. మొమ్మె అనేది వాళ్ల తూకం; 6 మొమ్మెల తుపాకి అంటే సుమారు 22.5 గ్రాముల గుండు వేసేది. అంత సీసానికి బుల్లెట్ అనే పలచని మాట నాకు ఆనదు.

లోడ్ చెయ్ అన్నచోట ‘మందు దట్టించు’ ఉంది, వదులుకోకండి. ఫైర్ అన్నదానికి ‘కాల్చండి!’ అనే ఆజ్ఞ సరిగ్గా నప్పుతుంది, ఎందుకంటే నిజంగా నిప్పే పని చేస్తోంది. విలుకాళ్లకు మాత్రం ‘వదలండి!’ అనాలి. 1575 నాటి నగషినొ యుద్ధం ఉన్న కురొసవ సినిమా ‘కగెముష’కి ఎప్పుడైనా రాస్తే ఈ తేడా అక్కరకొస్తుంది. ఆ పళ్లెం మూతకు జపానులో ‘హిబుత’ అని పేరు. హిబుత తీశారు అంటే యుద్ధం మొదలుపెట్టారని జాతీయం. అక్కడ ‘నిప్పు మూత తీశారు’ అని రాస్తే ఎవరికీ ఎక్కదు. ‘యుద్ధానికి తెర తీశారు’ అనండి. మన జాతీయంలోనూ ఏదో ఒకటి తీయడమే ఉండటం నాకెంతో ఇష్టం.

వాన వస్తే వత్తి ఆరుతుంది, పళ్లెంలో మందు తడుస్తుంది. చివరి పోరు కుండపోతలో జరుగుతుంది కదా, దొంగల నాయకుడు కాల్చేది మాత్రం ఇంటి లోపలి నుంచి. అక్కడ ‘తుపాకి పేలలేదు’ లాంటి మాటలు కలపకండి, కప్పు కింద అది పేలుతుంది. సమురాయ్‌లు క్యూజో, కికుచియో ఇద్దరూ ఆ ఒక్క తుపాకికే పడిపోతారు.

‘యోజింబో’లోది రివాల్వరే. కథ 1860లో జరుగుతుంది, కోల్ట్ రివాల్వర్‌కి అమెరికాలో పేటెంటు వచ్చింది 1836లో. గుండ్ల చక్రం తిరిగేదే రివాల్వర్. తెలుగు వాడుకలో పిస్తోలు రెంటికీ చెల్లుతుంది కానీ ఇక్కడ తేడా కథకే ముఖ్యం. అందులోని దుష్టపాత్ర ఉనొసుకె దాన్ని కిమోనో లోపల దాచుకొని తిరుగుతాడు. వెలిగే వత్తి ఉన్న తుపాకిని అలా దాచితే బట్టలంటుకుంటాయి. మీ వ్యాఖ్యల్లో రివాల్వర్ అనండి. ఆ ఊరి జనం నోట మాత్రం ‘చేతి తుపాకి’ అనిపించండి, వాళ్లకది కొత్త వస్తువు.

పేర్లు రాసేటప్పుడు ఇంగ్లిషు స్పెల్లింగు చూసి ‘టెప్పో’, ‘టనెగషిమ’ అని రాయకండి. జపాను వాళ్ల ఉచ్చారణ మన ‘త’కు దగ్గర, ‘ట’కు కాదు.