పుట్టినరోజుకు సూపర్ 8 కెమెరా: ముందు ఫిల్ము తేల్చుకోండి

పాప మొదటి పుట్టినరోజును పాత 8 ఎం.ఎం. కెమెరాతో తీయాలని ఉంది, ఏ కెమెరా కొనాలి, ఏ ఫిల్ము వేయాలి అని అడిగారు. నేను అమెరికాలో కొన్నేళ్లుగా కెనాన్ 514 ఎక్స్ఎల్ వాడుతున్నాను. ఎక్కువ వెలుతురు లోపలికి తీసుకునే ఎఫ్ 1.4 లెన్సు కాబట్టి ఇంట్లో తీయడానికి బాగా పనికొస్తుంది. అయితే కెమెరా పేరుకంటే ముందు ఫిల్ము సంగతి తేల్చుకోండి.

1965లో కొడాక్ తెచ్చిన సూపర్ 8కు ఫిల్ము పెట్టెలాంటి కార్ట్రిడ్జిలో వస్తుంది, అలాగే దూర్చేయవచ్చు. అంతకుముందు నాటి రెగ్యులర్ 8కు రీలు చుట్టాలి, సగంలో తిప్పి వేయాలి. రెండూ 8 ఎం.ఎం.లే అయినా ఒకదాని ఫిల్ము మరొకదానికి పట్టదు. కొనేముందు అమ్మేవారిని ఈ మాట తప్పక అడగండి. బ్యాటరీ గది మూత తీయించి చూడండి. స్ప్రింగుల మీద ఆకుపచ్చటి చిలుము కట్టి ఉంటే వదిలేయండి. కొత్త బ్యాటరీలు వేసి మీట నొక్కితే మోటారు ఒకే వేగంతో నడవాలి. లెన్సును కిటికీ వైపు తిప్పినప్పుడు వెలుతురును కొలిచే మీటరు ముల్లు కదలాలి. కొన్ని కెమెరాల మీటరుకు పాదరసం బ్యాటరీ కావాలి, ఇప్పుడు అవి దొరకవు, కాబట్టి అలాంటివి మీకు వద్దు.

ఇక ఫిల్ము. ఎండలో 50డి, ఇంట్లో దీపాల వెలుగులో 500టి. అంకె పెద్దదైతే తక్కువ వెలుతురు సరిపోతుంది, డి అంటే పగటి ఫిల్ము, టి అంటే బల్బు వెలుగు కోసం చేసినది. పాత కెమెరాల్లో చాలావి 500ను గుర్తించలేక 160 అనుకుని, కావలసినదానికి మూడు రెట్లు వెలుతురు వదులుతాయి. 50డి, 500టి లాంటి నెగెటివ్ ఫిల్ము దాన్ని తట్టుకుంటుంది. 2018లో మళ్లీ వచ్చిన ఎక్టాక్రోమ్ 100డి, అంటే కడిగితే నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చే పగటి ఫిల్ము, తట్టుకోదు, మొదటిసారే దాని జోలికి వెళ్లకండి. కొడాక్రోమ్ అనే పాత రకం ఫిల్ము చౌకగా కనిపించినా కొనకండి. దాన్ని కడిగిన (డెవలప్ చేసిన) చివరి ల్యాబు, అమెరికాలో కాన్సాస్‌లోది, 2010 డిసెంబరు చివరితో ఆ ఫిల్మును తీసుకోవడం ఆపేసింది.

నేను చేసిన తప్పు మీరు చేయకూడదని ఇది రాస్తున్నాను. ఒక వేసవిలో కృష్ణా జిల్లాలో మా ఊరు వెళ్లి, అమ్మమ్మ డాబా మీద తడిగుడ్డ పరిచి వడియాలు పెడుతుంటే ఎక్టాక్రోమ్‌తో తీశాను. కెమెరా పక్కన సూర్యుడి బొమ్మ, బల్బు బొమ్మ ఉన్న మీట ఒకటి ఉంటుంది. ఎండలో ఉన్నాం కదా అని సూర్యుడి వైపు పెట్టాను. నిజానికి అటు పెడితే లెన్సు వెనక నారింజ రంగు ఫిల్టరు అడ్డం పడుతుంది. బల్బు వెలుగు కోసం చేసిన ఫిల్మును ఎండలో వాడటానికి పెట్టిన ఏర్పాటు అది. పగటి ఫిల్ము వేసినప్పుడు, ఎంత ఎండైనా మీట బల్బు వైపే ఉండాలి. కడిగి వచ్చాక చూస్తే అమ్మమ్మ తెల్ల నేతచీర, పిండి, గుడ్డ అన్నీ కాషాయంగా ఉన్నాయి. ఆ మరుసటి వేసవికి ఆమెకు మెట్లెక్కే ఓపిక లేదు.

విమానంలో వెళ్తే ఫిల్మును చేతి సంచిలోనే పెట్టుకుని, చేత్తో తనిఖీ చేయమని అడగండి. విమానాశ్రయాల్లో సంచులు చూసే కొత్త సీటీ స్కానర్లు ఫిల్మును పాడుచేస్తాయి.

ఒక కార్ట్రిడ్జి సెకనుకు 18 ఫ్రేముల వేగంలో 3 నిమిషాల 20 సెకన్లు వస్తుంది. మూడు కొనండి. ఒకటి ఇప్పుడే పెరట్లో కొంత, వంటింట్లో కొంత తీసి కడగడానికి పంపండి. అది చూసుకున్నాకే మిగతా రెండూ పుట్టినరోజున వాడండి.