అప్పీల్‌కి బలం పేజీ నంబరు, లైను నంబరు

"జర్నల్ నా పరిశోధన పేపర్‌ని పరిశీలించమని ఇచ్చిన రెండో రివ్యూయర్ దాన్ని సరిగ్గా చదవకుండానే రిజెక్ట్ చేయించాడు. ఎవరికి ఫిర్యాదు చేయాలి?" అని అడిగారు. మీకు కావలసింది ఫిర్యాదు కాదు, అప్పీల్. నిర్ణయం తప్పనిపిస్తే అప్పీల్. నడిపిన తీరు తప్పయితే, అంటే నెలల తరబడి జవాబు లేకపోయినా, రివ్యూయర్‌కి సొంత లాభం ముడిపడి ఉన్నా, మీ డేటా ఇంకొకరి పేపర్‌లో తేలినా, అది ఫిర్యాదు. రెండూ ఒకే మెయిల్‌లో కలిపితే ఎడిటర్‌కి మీ కోపం కనిపిస్తుంది గానీ జరిగిన తప్పు కనిపించదు.

రిజెక్ట్ మెయిల్ వచ్చిన రోజున ఏమీ రాయకండి. రెండు మూడు రోజులాగి ఒక్క పేజీలో రాయండి. పైన మాన్యుస్క్రిప్ట్ నంబర్ (మీ పేపర్‌కి జర్నల్ ఇచ్చినది), కింద రివ్యూయర్ మాట ఉన్నదున్నట్టు, దాని కింద మీ జవాబు: "కంట్రోల్ గ్రూప్ లేదన్నారు. 6వ పేజీ, 142వ లైను, 2వ పట్టిక చూడగలరు." ఇలాంటివి రెండు గట్టివి ఉంటే చాలు. రివ్యూయర్ చెప్పినదాంట్లో నిజమున్న చోట ఒప్పేసుకోండి, మిగతా జవాబులకు విలువ పెరుగుతుంది. "కొత్తదనం చాలదు" అని తిప్పి పంపితే మాత్రం అప్పీల్ దాదాపు దండగే, వేరే జర్నల్ చూసుకోండి. చాలా జర్నల్స్ ఒక్క అప్పీలే తీసుకుంటాయి. అది తేలేదాకా పేపర్ ఇంకోచోటికి పంపకూడదు, దొరికితే రెండుచోట్లా పోతుంది.

మన స్కాలర్లు తరచూ చేసే పని ఒకటుంది. గైడ్‌కీ హెడ్‌కీ డీన్‌కీ కాపీ పెట్టి, థీసిస్ గడువు దగ్గర పడిందని బతిమాలడం. మీ గడువుతో ఎడిటర్‌కి సంబంధం లేదు. అసలు పీహెచ్‌డీకి పేపర్ తప్పనిసరన్న షరతును యూజీసీ 2022 నిబంధనల్లోనే తీసేసింది. అయినా దాన్ని పట్టుకుని వేలాడుతున్న యూనివర్సిటీలు పిల్లల ఉసురు పోసుకుంటున్నాయి.

ఇక నిజంగా ఫిర్యాదే అయితే ముందు చీఫ్ ఎడిటర్, తర్వాత పబ్లిషర్, ఆఖరున కోప్ (కమిటీ ఆన్ పబ్లికేషన్ ఎథిక్స్, జర్నల్స్ నీతి నియమాలు చూసే సంస్థ). చీఫ్ ఎడిటర్ మీదే ఫిర్యాదయితే నేరుగా పబ్లిషర్‌కే రాయాలి, తన కేసుకి తానే జడ్జి కాకూడదు కదా. 1997లో బ్రిటన్‌లో మొదలైన ఈ కోప్, సభ్యత్వం ఉన్న జర్నల్స్ మీద ఫిర్యాదులే తీసుకుంటుంది. అదీ జర్నల్ దగ్గర పని పూర్తయ్యాకే. పద్ధతి పాటించారా లేదా అన్నదే చూస్తుంది, మీ పేపర్ వేయమని చెప్పదు.

అంకె పట్టుకుంటే ఎంత పనవుతుందో 2020లో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో చూశాం. మే 22న కోవిడ్ రోగులకు ఇచ్చిన హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు మీద ఒక పేపర్ వచ్చింది. 671 ఆసుపత్రులు, 96 వేల మందికి పైగా రోగులు, డేటా సర్జిస్ఫియర్ అనే కంపెనీది. ఏప్రిల్ 21 నాటికి ఆస్ట్రేలియాలో కేవలం ఐదు ఆసుపత్రుల్లోనే 73 మరణాలని అందులో ఉంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ లెక్కల్లో ఆ తేదీకి దేశం మొత్తం మీద 67. మే 28న వందమందికి పైగా పరిశోధకులు రాసిన బహిరంగ లేఖలో తిట్లు లేవు. ఆస్ట్రేలియా లెక్క పొసగడం లేదు, డేటా ఎందుకివ్వరు, ఆసుపత్రులు ఏవి, ఎథిక్స్ అనుమతి ఏది అని వరసగా అడిగారు. బయటి ఆడిటర్లకు కూడా కంపెనీ డేటా ఇవ్వలేదు. నలుగురు రచయితల్లో ముగ్గురు జూన్ 4న పేపర్ వెనక్కి తీసుకున్నారు.

మీ మెయిల్ కూడా ఆ వరసలోనే రాయండి. కరస్పాండింగ్ ఆథర్ (జర్నల్‌తో ఉత్తరాలు నడిపే రచయిత) పేరుతో, మిగతా రచయితలందరూ ఒప్పుకున్నాకే పంపండి.