గండికోట వైపు కుటుంబంతో టెంట్ల క్యాంపు నడపడం ఎలా ఉంటుంది?

మైలవరం జలాశయం పక్కనున్న సొంత పొలంలో టెంట్లు వేసి పర్యాటకులకు అద్దెకివ్వాలనుకుంటున్నానని, ఇంటివాళ్లతోనే నడిపితే రోజూ పని ఎలా ఉంటుందో, అందుకోసం ఉద్యోగం మానుకోవచ్చో లేదో చెప్పమని అడిగారు. గండికోట లోయకు కొంత ఇవతల మా కుటుంబం ఇదే పని చేస్తోంది కనుక, మేము చూసినదే చెబుతాను.

బయటినుంచి చూసేవారికి ఇది టెంట్ల పనిలా కనిపిస్తుంది గానీ, మా రోజులో సగానికి పైగా నీళ్లకూ మరుగుదొడ్లకూ పోతుంది. ఎదురుగా పెన్నా లోయ నిండుగా కనిపిస్తున్నా మనం వాడుకోవలసింది బోరు నీళ్లే, అవి తగ్గితే ట్యాంకరు నీళ్లే. బెంగళూరు నుంచి ఉదయం బయలుదేరిన కార్లన్నీ శనివారం సాయంత్రం ఇంచుమించు ఒకే వేళకు వచ్చి చేరతాయి కాబట్టి, ఆ మధ్యాహ్నానికే సంపు నిండి ఉండాలి. పిల్లలతో వచ్చిన తల్లులు టెంటు చూడకముందే మరుగుదొడ్డి ఎక్కడుందని అడుగుతారు. అది శుభ్రంగా ఉంటే మిగతా చిన్న లోటుపాట్లను వారు పట్టించుకోరు. ఈ ప్రాంతంలో జానెడు మట్టి తీయగానే బండ తగులుతుంది కనుక సెప్టిక్ ట్యాంకు గుంత తవ్వించడానికి మీరు ఊహించినదానికంటే ఎక్కువ ఖర్చవుతుంది. టెంట్లు కొనకముందే ఆ పని పూర్తి చేయించండి.

ఆ బండ వల్లనే టెంటుతో వచ్చే ఇనుప మేకులు ఇక్కడ దిగవు. మా తమ్ముడు సిమెంటు సంచుల్లో ఇసుక నింపి, మూతి బిగించి, టెంటుకు నాలుగు మూలలా ఒక్కొక్కటి కట్టి, గాలి వచ్చే వైపు మరొకటి అదనంగా వేస్తాడు. రాత్రి భోజనాలయ్యాక లాంతరు పట్టుకొని ప్రతి తాడునూ చేత్తో లాగి చూసి గానీ పడుకోడు. చలికాలంలో తెల్లవారేసరికి పైగుడ్డ మంచుకు తడిసి ముద్దవుతుంది. అతిథులు వెళ్లగానే దానిని ఎండలో పూర్తిగా ఆరబెట్టకుండా మడిచిపెడితే బూజు పడుతుంది, ఆ వాసన మళ్లీ వదలదు. పరుపులు ఎత్తి కింద తేళ్లు ఉన్నాయేమో చూడడం, దుప్పట్లు దులపడం నా భార్య ఎవరికీ అప్పగించని పని. బూట్లు బయట విడిచినవారు పొద్దున విదిలించి తొడుక్కోవాలని కూడా ఆమే ప్రతి ఒక్కరికీ చెబుతుంది.

వంట మా అమ్మ చేతిలో ఉంది. రాత్రికి రాగి సంగటి, నాటుకోడి పులుసు, పొద్దున ఉగ్గాని, బజ్జీ. వచ్చేవారు కోరేది కూడా ఇదే.

నన్ను నిజంగా నిద్రపోనివ్వనిది లోయ అంచు. కోట దగ్గర చాలాచోట్ల అంచుకు కంచె లేదు. సూర్యోదయం కోసం చీకటితోనే బయలుదేరేవారికి రాళ్ల మధ్య దారి తెలియదు. అందుకే మా వాళ్లలో ఒకరు టార్చి పట్టుకొని ముందు నడుస్తారు, మా క్యాంపులో మద్యం తాగనివ్వము. దీనివల్ల కొన్ని బుకింగులు పోతాయి, పోనివ్వండి. మీ స్థలం నీటి ఒడ్డున ఉంది కాబట్టి చీకటి పడ్డాక పిల్లలను నీటి దగ్గరకు పోనివ్వకుండా ఒక మనిషిని తప్పనిసరిగా పెట్టుకోవాలి.

ఉద్యోగం విషయానికి వస్తే, ఇప్పుడే మానుకోవద్దు. రాబడి అంతా దాదాపు అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకే, అందులోనూ శని, ఆదివారాలకే. ఏప్రిల్, మే నెలల్లో కడప జిల్లా ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పగలు టెంటులో మనిషి కూర్చోలేడు. మేము అప్పుడు మూసివేసి మరమ్మతులు చేసుకుంటాము. ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు, నవంబరు నెలల్లోనే పడతాయి కనుక మంచి సీజనులో కూడా కొన్ని వారాలు పోతాయి.

చివరగా, భూమి గురించి. జలాశయం నిండినప్పుడు నీరు ఎక్కడి వరకు వస్తుందో, ఆ గీతకు మీ పొలం ఏ వైపున ఉందో సర్వే నంబరుతో తహసీల్దారు కార్యాలయంలోనూ నీటిపారుదల శాఖలోనూ కనుక్కోండి. టెంట్లు బాగా నడిస్తే కోట దగ్గర ఇంకొంత స్థలం తీసుకొని గదులు కడదామనే ఆలోచన ఉంటే, ఆ కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడమని గుర్తుంచుకోండి: రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త కట్టడాలు నిషేధం, ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతి తీసుకొనే కట్టాలి.