చిన్న ఊళ్ళో పార్కింగ్ టికెట్ మీద అప్పీల్: ఫోన్ చేయించకండి, కాగితం పెట్టండి

ఫైన్ చిన్నదే అయినా తప్పు మీది కాదనిపిస్తోందని, అప్పీల్ చేద్దామంటే టికెట్ రాసినాయన రోజూ ఎదురుపడే మనిషని, కట్టేసి ఊరుకోవడమే మంచిదా అని అడిగారు. నాకూ అచ్చం ఇలాగే జరిగింది. అప్పీల్ చేశాను. మొదటిసారి తిరస్కరించారు, రెండోసారి టికెట్ రద్దు చేశారు. మీకు తప్పు జరిగిందని నిజంగా అనిపిస్తే అప్పీల్ చేయండి. ఎలా చేస్తే మొహాలు చెడకుండా ఉంటుందో నాకు తెలిసినంత చెప్తాను.

నాన్నను డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళిన సాయంత్రం అది. ఆయన చక్రాల కుర్చీలో ఉంటారు. పక్క సందులో కారు ఆపి, కుర్చీ దించి, ఆయన్ని లోపల కూర్చోబెట్టి బయటికి వచ్చేసరికి అద్దం మీద టికెట్ ఉంది. నో పార్కింగ్ అట. చుట్టూ చూస్తే బోర్డే లేదు. కారు దాటి నాలుగడుగులు వెనక్కి నడిచి తలెత్తితే, చెట్టు కొమ్మల మధ్య ఎర్రటి అంచు కొంచెం కనిపించింది. అప్పటికే నాన్న ఆరోగ్యం గురించి టెన్షన్, దానికి తోడు ఇది. ఒళ్ళు మండిపోయింది.

ఇంటికి రాగానే అందరూ చెప్పింది ఒక్కటే, ఫలానా ఆయనకు ఫోన్ చేయించు, ఒక్క మాటతో పోతుంది అని. చిన్న ఊళ్ళో ఆఫీసువాళ్ళలో సగం మంది ఏదో ఒక వరసలో తెలిసినవాళ్ళే కాబట్టి అందరికీ ముందు అదే తడుతుంది. నేనూ నంబరు తీసి చేతిలో పట్టుకున్నాను. కానీ చేయలేదు. పైనుంచి ఒక మాట చెప్పిస్తే, టికెట్ రాసిన మనిషికి తన వైపు చెప్పుకునే అవకాశమే ఉండదు. ఆయన చేసిన పని ఆయన వెనకాల కొట్టేసినట్టవుతుంది. మొహాలు చెడేది అక్కడే. కాగితం మీద, పద్ధతి ప్రకారం అడిగితే ఎవరికీ అంత బాధ ఉండదు. పైగా ఫోన్‌తో పని కానిస్తే బోర్డు కొమ్మల్లోనే ఉండిపోతుంది, రేపు ఎవరినీ ఎరగని మనిషి అక్కడ కారు ఆపితే అతనికి ఫోన్ చేసేవాళ్ళు ఉండరు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. నోటిమాటగా ‘చూద్దాంలే’ అన్నది ఎక్కడా నమోదు కాదు. మా వీధిలో ఒకాయన ఆ మాట నమ్మి కూర్చుంటే గడువు దాటిపోయి, అదనపు రుసుముతో నోటీసు ఇంటికి వచ్చింది.

గడువు సంగతి ముందే చూసుకోండి. టికెట్ వెనకవైపు సన్నని అక్షరాల్లో ఉంటుంది. ఎన్ని రోజులు, ఏ తేదీ నుంచి లెక్క, ఎవరికి రాయాలి అన్నవి చదవండి. ముందు కట్టేసి తర్వాత వాదించుకుందాం అనుకోకండి. చాలా చోట్ల ఫైన్ కట్టడమంటే తప్పు ఒప్పుకున్నట్టే లెక్క, కేసు అక్కడితో మూసేస్తారు. త్వరగా కడితే తగ్గింపు అని ఉంటే, అప్పీల్ తేలేదాకా ఆ తగ్గింపు నిలిపి ఉంచుతారా అని రాతపూర్వకంగానే అడగండి. టికెట్ ఇచ్చింది స్థానిక సంస్థా, లేక ప్రైవేటు స్థలం యాజమాన్యమా అన్నది కూడా చూడండి. రెండింటికీ అప్పీల్ దారులు వేరు.

ఇక ఆధారాలు. మీరు ఇంకా వెళ్ళి ఫొటోలు తీయకపోతే ఇవాళే వెళ్ళండి. కొమ్మ రేపు కొట్టేయవచ్చు, చెరిగిపోయిన గీతకు కొత్త రంగు వేయవచ్చు. నేను టికెట్ పడిన వేళకే మర్నాడు వెళ్ళాను, ఎందుకంటే సాయంత్రం వెలుతురులో కనిపించేది వేరు, మధ్యాహ్నం కనిపించేది వేరు. బోర్డుకు దగ్గరగా నిలబడి తీసిన ఫొటో ఒక్కటే సరిపోదు, దానివల్ల బోర్డు ఉందని మాత్రమే రుజువవుతుంది. డ్రైవర్ సీట్లో కూర్చుని, కారు సందులోకి తిరిగే చోటు నుంచి వరసగా తీయండి. ఫొటోలో ఒక స్తంభమో గేటో పడితే అది ఏ చోటో తేలిగ్గా తెలుస్తుంది. ఫొటో ఫైల్లో తీసిన సమయం, లొకేషన్ ఆన్‌లో ఉంటే స్థలం కూడా నమోదై ఉంటాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వివరాలు పోతాయి, కాబట్టి అసలు ఫైళ్ళు దాచుకోండి.

బోర్డు మీద ఏముందో కూడా శ్రద్ధగా చూడండి. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. నీలం రంగు గుండ్రటి బోర్డు మీద ఒక్క ఎర్ర గీత ఏటవాలుగా ఉంటే పార్కింగ్ నిషేధం. రెండు గీతలు ఇంటూ గుర్తులా ఉంటే అసలు ఆపడమే నిషేధం. 1968లో వియన్నాలో కుదిరిన రోడ్డు గుర్తుల ఒప్పందంలో ఈ రెండు గుర్తులూ ఉన్నాయి, చాలా దేశాలు వీటినే వాడుతున్నాయి. కొన్ని చోట్ల పి అక్షరం మీద గీత గీస్తారు. అదే ఏడాది రోడ్డు రవాణా మీద కుదిరిన ఒప్పందం ప్రకారం మనిషిని ఎక్కించుకోవడానికో దించడానికో, సామాను ఎక్కించడానికో దించడానికో కావలసినంత సేపు బండి ఆపితే అది ఆగడం మాత్రమే, పార్కింగ్ కాదు. మీ దగ్గర అమలయ్యేది మీ స్థానిక నిబంధనే కాబట్టి దాని నకలు అడిగి తీసుకోండి. చాలా చోట్ల బోర్డు వెనక ఒక తీర్మానమో ఉత్తర్వో ఉండాలి. చిన్న ఊళ్ళలో ఎవరో ఎప్పుడో పాతిన బోర్డుకు అలాంటి కాగితం లేని సందర్భాలూ ఉంటాయి.

నేను మొదట రాసిన అర్జీ నాలుగు పేజీలు. నాన్న జబ్బు, నా కోపం, ఆ సందులో రోజూ ఆపే మిగతా కార్లు, అన్నీ పెట్టాను. ఒక్క వాక్యంలో తిరస్కరించారు. ఇప్పుడు చదివితే అందులో బోర్డు ఊసు మూడో పేజీలో వస్తుంది, అక్కడిదాకా ఎవరు చదువుతారు? రెండో దశలో హియరింగ్, అంటే ఎదురుగా కూర్చోబెట్టి విచారణ, అడిగి, ఒకే పేజీ రాశాను. టికెట్ నంబరు, తేదీ, చోటు. కారు వచ్చే వైపు నుంచి బోర్డు కనబడదు, ఫొటోలు 1 నుంచి 5 చూడండి. మనిషిని దించడానికి ఆపాను. టికెట్ రద్దు చేయమని, కొమ్మలు కొట్టించమని కోరుతున్నాను. అంతే. టికెట్ రాసిన ఉద్యోగి గురించి ఒక్క మాటా రాయలేదు. రాసే ప్రతి వాక్యం ఆయన ఎదురుగా కూర్చుని వింటున్నాడనుకుని రాశాను, హియరింగ్‌లో నిజంగానే కూర్చున్నాడు కూడా.

నేను బలమైనదనుకున్న వాదన, నాన్నను దించడం, అక్కడ నిలబడలేదు. ఆ ఉద్యోగి తీసిన రెండు ఫొటోల మధ్య 19 నిమిషాల తేడా ఉంది. మనిషిని దించడానికి అంతసేపు పట్టదు, మీరు లోపల ఉండిపోయారు కదా అన్నారు విచారణ చేసేవాళ్ళు. నిజమే, నాన్న పేరు పిలిచేదాకా పక్కన ఉన్నాను. ఒప్పుకున్నాను. ఆ ఒప్పుకోవడం వల్లనే మిగతా మాట నమ్మారని నాకనిపిస్తుంది. తర్వాత ఫొటోలు చూసి, కొమ్మల సంగతి ఆ ఉద్యోగినే అడిగారు. ఆయన నిమిషం ఆలోచించి, తను రోజూ నడిచి వెళ్తాడు కాబట్టి బోర్డు తెలుసని, కారులోంచి ఎప్పుడూ చూడలేదని చెప్పాడు. ఎదుటి పక్షం మనిషి అంత నిజాయితీగా చెప్పడం చూసి నాకు గొంతు పట్టుకుపోయింది. టికెట్ పడిన రోజే ఫోన్ చేయించి ఉంటే ఆ మాట ఆయన నోట వచ్చే అవకాశమే ఉండేది కాదు.

టికెట్ మీద పేరులోనో రంగులోనో చిన్న అక్షరదోషం ఉందని దాని మీదే ఆశ పెట్టుకోకండి, మామూలుగా దాన్ని సరిదిద్దుకోనిస్తారు. బండి నంబరో, చోటో, తేదీయో తప్పయితే మాత్రం తప్పకుండా రాయండి. అర్జీ చేత్తో ఇస్తే మీ నకలు మీద ముద్ర వేయించుకోండి. ఇచ్చేటప్పుడు కౌంటర్లో కేసు గురించి చర్చ పెట్టుకోవద్దు. అక్కడ అన్న మాట సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది, అదీ వేరే రూపంలో.

నిర్ణయం వచ్చిన వారానికి కొమ్మలు కొట్టేశారు. ఆ మర్నాడు నాన్నను మళ్ళీ తీసుకెళ్తుంటే ఆ ఉద్యోగి ఎదురుపడి, ఆయన ఎలా ఉన్నారని అడిగి, కుర్చీ దించడానికి ఒక చెయ్యి వేశాడు. కారు ఎక్కడ పెట్టుకోవచ్చో కూడా చూపించాడు.

మీ టికెట్ మీద కారణం ఏమని రాశారో, బోర్డు మీద ఒక గీత ఉందో రెండు ఉన్నాయో చెప్పండి. అర్జీ ముసాయిదా పెడితే చదివి చెప్తాను.