ఎడారి తాబేలు పిల్లను పెంచాలంటే ముందు దాన్ని చేతిలోంచి కింద పెట్టండి

మీ ప్రశ్న చదివాను. అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ దగ్గర ఉంటున్నారు. ఎనిమిదేళ్ల అమ్మాయి పోరు పడలేక రెండేళ్ల ఎడారి తాబేలు పిల్లను దత్తత తెచ్చుకున్నారు. ఏ దీపం కొనాలి, రోజుకు ఎన్నిసార్లు మేత పెట్టాలి, మనకు మచ్చిక కావాలంటే ఏం చేయాలి అని అడిగారు. దీపం సంగతి చివర్లో చెబుతాను, మరిచిపోకపోతే. నా జవాబంతా మీ మూడో ప్రశ్నకే: మచ్చిక చేసుకోవద్దు. అసలు ఎత్తుకోవద్దు.

ఇది నేను చదివి చెబుతున్న మాట కాదు. మా అమ్మ చేతుల్లో ఒక తాబేలు ఎండిపోవడం కళ్లారా చూసి చెబుతున్నాను.

మేము ఫీనిక్స్ పక్కనే చాండ్లర్‌లో ఉంటాం. రాష్ట్ర వన్యప్రాణి శాఖ, అంటే అరిజోనా గేమ్ అండ్ ఫిష్ డిపార్ట్‌మెంట్ వాళ్ల దత్తత పథకం ద్వారానే మాకూ వచ్చింది. మీకు నియమాలు చెప్పే ఉంటారు. అడవిలోంచి పట్టి తేవడం నేరం. పెంచలేక ఎడారిలో వదిలేయడమూ నేరమే, ఎందుకంటే పెంపుడు తాబేళ్ల ముక్కు జబ్బు అడవి తాబేళ్లకు అంటుకుంటుంది. రాష్ట్రం సరిహద్దు దాటించకూడదు. మా ఆయనకు డాలస్‌లో ఉద్యోగం వస్తే దీన్ని ఏం చేయాలని కాగితాల మీద సంతకం పెట్టే ముందే రెండు రాత్రులు వాదించుకున్నాం. ఇవి 50 నుంచి 80 ఏళ్లు బతుకుతాయని విని మా ఇంటికి వచ్చిన అమెరికా వాళ్లు నోరు తెరుస్తారు. గ్రీన్‌కార్డు వరసలో నిలబడ్డ మనవాళ్లు మాత్రం అంతేనా అన్నట్టు చూస్తారు.

మాది శ్రీకాకుళం జిల్లా, శ్రీకూర్మానికి దగ్గరలో ఒక ఊరు. అక్కడి గుళ్లో స్వామి కూర్మనాథుడు, ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్లు తిరుగుతుంటాయి. మా వైపు ప్రతి వీధిలో ఒక కూర్మారావో కూర్మమ్మో ఉంటారు. అలాంటి ఊరి నుంచి మా అమ్మ ఆరు నెలల వీసా మీద ఏప్రిల్లో దిగింది. పెరట్లో అరచేతిలో పట్టేంత తాబేలును చూసి చెప్పులు విడిచి దండం పెట్టింది. ఆ క్షణమే దానికి కూర్మయ్య అని పేరు పెట్టేసింది. మగో ఆడో పెద్దయితే గానీ తెలియదమ్మా అన్నాను. ఆడదైతే అప్పుడు కూర్మమ్మ అందాంలే అంది.

రోజూ పొద్దున్నే స్నానం చేసి తడి జుట్టుతో పెరట్లోకి వెళ్లేది. కూర్మయ్యను రెండు చేతులా ఎత్తి, డిప్పను కళ్లకు అద్దుకుని, మళ్లీ కింద పెట్టేది. బొట్టు పెట్టబోతే నేను గట్టిగా అడ్డుపడ్డాను. ఎత్తడం మాత్రం చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఎత్తిన ప్రతిసారీ అది అమ్మ అరచేతిలో నీళ్లు పోసేది. పసిపిల్లలు ఒళ్లో పోస్తే మనవాళ్లు మురిసిపోతారు కదా, అమ్మ కూడా అలాగే మురిసిపోయి, ‘పసివాడు, పోస్తే పోశాడు’ అని చెంగుతో తుడుచుకునేది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది, నా మీద నాకే.

జూన్ రెండో వారానికి కూర్మయ్య తిండి మానేసింది. కళ్లు లోపలికి పోయాయి. ముందు కాళ్ల దగ్గర చర్మం వాడిన తమలపాకులా ముడతలు పడింది. పప్పులు తూచే చిన్న త్రాసు మీద ప్రతి ఆదివారం దాన్ని తూచి రాసిపెట్టడం ఒక్కటే నేను చేసిన తెలివైన పని. మే మొదట్లో 78 గ్రాములు. ఆ రోజు 63. చేతిలో పెట్టుకుంటే ఖాళీ అగ్గిపెట్టెలా ఉంది.

ఇక్కడ కుక్కలకూ పిల్లులకూ వీధికొక డాక్టరు. తాబేలంటే మాత్రం ఫోను ఎత్తిన వాళ్లు ఒక్క క్షణం ఆగి, మేనేజరును అడిగి చెబుతామంటారు. మొదట వెళ్లిన చోట దాన్ని సరిగ్గా చూడకుండానే విటమిన్ సూది వేద్దామన్నారు. ఇంత చిన్న ప్రాణికి ఎంత మందు వేస్తారని అడిగితే పుస్తకం వెతకడం మొదలుపెట్టారు. డబ్బు కట్టి తాబేలుతో బయటపడ్డాను. రెండో చోట సరీసృపాలను మాత్రమే చూసే ఒకావిడ దొరికింది. దాన్ని ముట్టుకోకముందే మమ్మల్ని ఒక్క ప్రశ్న అడిగింది: ‘దీన్ని రోజూ ఎత్తుతున్నది ఎవరు?’

నేను అమ్మ వైపు చూశాను. అమ్మకు ఇంగ్లీషు రాదు గానీ ఆ చూపు అర్థమైంది.

డాక్టరు చెప్పిందంతా ఒక్కొక్క ముక్కగా అమ్మకు తెలుగులో చెప్పాను. ఎడారి తాబేలుకు మూత్రాశయమే నీళ్ల కుండ. వాన పడినప్పుడు నేల మీద నిలిచిన నీటిని తాగగలిగినంత తాగుతుంది. ఆ నీటిని అక్కడ దాచుకుంటుంది. వాన లేని నెలలన్నీ అందులోంచే ఒంట్లోకి కొంచెం కొంచెంగా పీల్చుకుంటూ గడుపుతుంది. పెద్ద తాబేలు తన బరువులో 40 శాతం దాకా నీటిని అలా మోయగలదు. నేల మీద నుంచి ఎవరు పైకి లేపినా దానికి తెలిసింది ఒక్కటే, ఏదో జంతువు తనను నోట కరుచుకుందని. భయంతో కుండ మొత్తం వదిలేస్తుంది. ఎండాకాలం నడిమధ్యన అలా వదిలిన అడవి తాబేలు మళ్లీ వాన దాకా బతుకుతుందన్న నమ్మకం లేదు. దారిలో కనిపించినా ఎత్తవద్దని, రోడ్డు మధ్యలో ఉంటే మాత్రం నేలకు దగ్గరగా, పక్కకు ఒరగకుండా పట్టుకుని అది వెళుతున్న వైపే దాటించమని ఇక్కడ చెప్పేది అందుకే.

కారులో అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఇల్లు చేరాక చెప్పులు విప్పుతూ, ‘అయితే రోజూ వాడి కుండ నేనే ఒంపేశానన్నమాట’ అంది.

వైద్యం చాలా చిన్నది. గోరువెచ్చని నీళ్లు, తాబేలు గడ్డం వరకు వచ్చేంత, రోజుకు అరగంట. అమ్మ తన సామానులోంచి అంచు పొట్టిగా ఉన్న స్టీలు పళ్లెం తీసింది. మా తాతగారి పేరు చెక్కిన పళ్లెం అది. దాంట్లో మా ఇంట్లో అప్పటిదాకా ఎవరూ అన్నం తప్ప మరొకటి పెట్టలేదు. కూర్మయ్యను అందులో దించి, ఇద్దరం ముక్కాలి పీటలు వేసుకుని కూర్చున్నాం. పది నిమిషాలు కదల్లేదు. తరువాత తల కొంచెం వంచింది. ముక్కు నీళ్లలో మునిగింది. గొంతు కింద చర్మం లేస్తూ పడుతూ కనిపించింది. తాగుతోంది. అంత చిన్న ప్రాణి అంతసేపు తాగుతుందని మేము అనుకోలేదు. మూడో రోజు నీళ్లలో తెల్లటి సున్నం ముద్దలాంటిది వదిలింది. ఒంట్లో నీరు చాలక గట్టిపడిన ఉప్పు అది. బయటికి వచ్చిందంటే మంచిదే అన్నారు డాక్టరు. తొమ్మిదో రోజున మందార రేకు కొరికింది.

మందారం అన్నాను కదా, మీ రెండో ప్రశ్నకు వస్తాను. మేత రోజుకు ఎన్నిసార్లు అన్నది అంత ముఖ్యం కాదు, ఏమిటన్నదే ముఖ్యం. ఇది గడ్డీ కలుపు మొక్కలూ తినే జంతువు. పీచు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ ఉండాలి. గ్లోబ్‌మ్యాలో అనే ఎడారి మొక్క ఆకులు, పూలు, ముళ్లు గీకేసిన నాగజెముడు మట్టలు, మల్బరీ ఆకులు, ద్రాక్షాకులు, మందారం ఆకూ పువ్వూ, పచ్చిగడ్డి. నర్సరీ నుంచి తెచ్చిన మందారం మొక్కను వెంటనే పెట్టకండి, వాటికి వేసిన పురుగుమందు ఆకులోపల చాలా నెలలు ఉంటుంది. అన్నం మెతుకులు, రొట్టె, అరటిపండు, కుక్క మేత, అంగడి లెట్యూస్, ఇవేవీ వద్దు. ఫోనులో తాబేలు స్ట్రాబెర్రీ తింటున్న వీడియోలు మీ అమ్మాయి చూపిస్తుంది. ఆ ఎర్రటి మూతి చూడటానికి ముద్దుగానే ఉంటుంది. వీడియో తీసినవాళ్లు తరువాతి వారం తాబేలు పేడ ఎలా ఉందో చూపించరు.

మనవాళ్లతో వచ్చిన చిక్కు ఇదే. ఇంటికి వచ్చిన ప్రాణి ఏదైనా కడుపు నిండా పెట్టందే నిద్రపట్టదు. ఎక్కువ బలమైన తిండి పెట్టి, నీళ్లు తక్కువ పెడితే డిప్ప నున్నగా పెరగాల్సింది పోయి గుట్టలు గుట్టలుగా లేస్తుంది. ఒకసారి లేచిన గుట్ట మళ్లీ అణగదు. మాకు తెలిసిన ఒకరింట్లో అలాంటిది ఉంది. పనసకాయలా ఉంటుంది. వాళ్లు దాన్ని అందమనుకుంటున్నారు.

ఇంకో చెట్టు సంగతి. ఇక్కడి ఇళ్ల ప్రహరీల వెంబడి తెల్లగా గులాబీ రంగులో విరగబూసేది గన్నేరు. నీళ్లు లేకపోయినా బతుకుతుందని ఊరంతా నాటారు. మన ఊళ్లో పిల్లలకు కూడా తెలిసిన విషం అది. ఇక్కడ పిల్లల పార్కుల పక్కన కంచెలా పెంచుతారు. దేవుడికి పూలు దొరికాయని మా అమ్మ సంతోషించింది, సరే. తాబేలు తిరిగే చోట మాత్రం ఒక్క రాలిన ఆకు కూడా ఉండకూడదు. మాది అద్దె ఇల్లుగా ఉన్నప్పుడు గన్నేరు కొట్టేయడానికి అనుమతి కోసం ఎన్ని ఉత్తరాలు రాశానో చెబితే అది ఇంకో జవాబు అవుతుంది.

మిగిలినవి త్వరగా చెబుతాను. ఈ వయసులో డిప్ప మన గోరులా వంగుతుంది, గట్టిపడటానికి ఐదేళ్లు పైనే పడుతుంది. అందుకని బయట దొడ్డి కట్టి పైన వల బిగించాలి. గద్దలు, రోడ్‌రన్నర్ పక్షులు, పక్కింటి పిల్లులు, మీ ఇంటి కుక్క, అన్నిటికీ ఇది ఒక ముద్దే. బొరియ తప్పనిసరి. అడవిలో ఇవి జీవితంలో దాదాపు 95 శాతం బొరియల్లోనే గడుపుతాయి. మీ పిల్ల రోజంతా కనిపించకపోతే అది దిగులు కాదు, ఆరోగ్యం. 2023లో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు పగటి వేడి 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే 43 సెల్సియస్‌కు, చేరింది లేదా దాటింది, గుర్తుందా? మనం ఏసీలో మూలిగాం. మట్టిలో లోతుగా, కొంచెం తేమగా ఉన్న బొరియలో కూర్మయ్య సుఖంగా పడుకుంది. ముట్టుకున్న ప్రతిసారీ మీ అమ్మాయి చేత సబ్బుతో చేతులు కడిగించండి, సాల్మొనెల్లా అనే క్రిమి వీటి ఒంటి మీద ఉండవచ్చు.

చలికాలం నిద్ర గురించి మీరు అడగలేదు, కానీ నవంబరులో అడుగుతారు. చిన్నపిల్లలను నిద్రపోనివ్వకూడదని కొందరు భయపెడతారు. అడవిలో పుట్టిన పిల్లలకు మొదటి చలికాలంలో ఎవరు దీపం వెలిగించారు? బరువు బాగుండి, ముక్కు కారకుండా ఉంటే నిద్రపోనివ్వాలన్నది నా మాట. ముందు రెండు వారాలు మేత ఆపి, నీళ్లలో మాత్రం కూర్చోబెట్టాలి. తరువాత 5 నుంచి 12 డిగ్రీల సెల్సియస్ చల్లదనం ఉన్న చీకటి మూల ఒక పెట్టె చాలు.

ఇక దీపం. పిల్లను పగలు బయట ఎండలో ఉంచగలిగితే దీపం మీద పెట్టే డబ్బు దండగ. లోపల ఉంచక తప్పకపోతే యూవీబీ, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు ఇచ్చే గొట్టం దీపం తీసుకోండి. వెలుగు బాగానే ఉన్నా ఆ కిరణాలు 6 నుంచి 12 నెలల్లో తగ్గిపోతాయి, తేదీ రాసి మార్చండి. ఒక మూల 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం, మరో మూల నీడ. కిటికీ పక్కన పెడితే చాలదా అంటే చాలదు, గాజు ఆ కిరణాలను ఆపేస్తుంది. అంగడివాళ్లు అంటగట్టే గాజు తొట్టె, ఎర్ర బల్బు, ఇసుక సంచి మూడూ వద్దు. ఇసుక మింగితే పేగులో గడ్డకడుతుంది. గాజు తొట్టెను ఎండలో పెట్టారో, అది పొయ్యి మీద గిన్నె అయినట్టే.

అమ్మ అక్టోబరులో వెళ్లిపోయింది. స్టీలు పళ్లెం ఇక్కడే వదిలింది. ఆ చలికాలమంతా వారానికోసారి ఫోను చేసి, ‘ఇంకా లేవలేదా?’ అని అడిగేది. మార్చిలో ఒక మధ్యాహ్నం కూర్మయ్య బొరియ మొదట్లో తల పెట్టి కూర్చుంది. వీడియో కాల్ చేసి ఫోను దగ్గరగా పట్టుకోబోయాను. అటు నుంచి అమ్మ అరిచింది: ‘అంత దగ్గరికి వెళ్లకు. నీ నీడ పడితే వాడు హడలిపోతాడు. అక్కడి నుంచే చూపించు.’